మ్యాట్ వార్నిష్ తెల్లబడిందేం?

ప్రశ్న: కాన్వాస్ మీద అక్రిలిక్ రంగులతో వేసిన బొమ్మకి మొన్న ముసురులో మ్యాట్ వార్నిష్ (బొమ్మని కాపాడే, మెరుపు లేని పారదర్శక పూత) మూడు కోటింగులు వేశాను. నల్లరంగు ఉన్నచోటల్లా తెల్లగా మసకేసింది. అసలు వార్నిష్ అవసరమా మేడమ్?

జవాబు: అవసరమేనండీ. అక్రిలిక్ ఆరాక కూడా కాస్త మెత్తగానే ఉంటుంది, ఎండలకి ఇంకా మెత్తబడి వాలిన దుమ్మునల్లా పట్టేసుకుంటుంది. ముసురులో తేమ కొంత కారణం కావచ్చు గానీ, నా అనుమానం ఆ మూడు కోటింగుల మీదే. మెరుపు చంపడానికి మ్యాట్‌లో కలిపే పొడి, పొరలు పెరిగేకొద్దీ ముదురు రంగుల మీద తెల్లగా తేలుతుంది. ఈసారి పొడి వాతావరణంలో గ్లాసీ (మెరిసే) వార్నిష్ పలచగా వేసి, పైన ఒక్క కోటు మ్యాట్ వేయండి, చాలు. ఇప్పటిది తీయాలంటే డబ్బా మీద ఏ ద్రావకం వాడమన్నారో చూసి, ఓ మూల దూదితో రుద్దండి. దూదికి రంగు అంటితే వెంటనే ఆపేయండి.