గడ్డిలో నడవకండి, గట్టు మీద కూర్చోండి

పొట్టిచెవుల గుడ్లగూబ కోసం మూడు ఆదివారాలు వరంగల్ చుట్టుపక్కల పొద్దున ఏడింటి నుంచి పదకొండింటి దాకా గడ్డంతా జల్లెడ పట్టానని, ఈక కూడా దొరకలేదని రాశారు. అసలు ఆ పక్షి ఇటువైపు వస్తుందా అని అడిగారు.

వస్తుంది, చలికాలంలో. నేను చూశాను. ఒక్కసారే, అదీ ఆరో ప్రయత్నంలో.

మీరు చోటు కన్నా టైమ్ దగ్గర పొరబడ్డారు. ఈ గూబ మిగతావాటిలా చెట్టు తొర్రలో దాక్కోదు. పగలంతా గడ్డి దుబ్బుల మధ్య నేల మీదే కూర్చుంటుంది. ఒంటి మీది గోధుమరంగు చారలు ఎండుగడ్డిలో కలిసిపోతాయి. మీరు నాలుగడుగుల దూరం నుంచి నడిచివెళ్లినా కదలకపోవచ్చు. పొద్దు వాలాకే వేటకు లేస్తుంది. డిసెంబర్‌లో మనకు 5:40కి అటూ ఇటూగా పొద్దుగూకుతుంది కాబట్టి 4:30కల్లా ఒక గట్టు చూసుకుని కూర్చోండి. పూర్తిగా చీకటి పడేదాకా లేవకండి.

మొదటి నాలుగుసార్లు నేనూ మీలాగే తిరిగాను. ఐదోసారి జనగామ వైపు, సాగు లేక వదిలేసిన ఒక పడావు చెలకలో గొర్లు కాసే తాత కనిపించాడు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే మొఖం చిట్లించాడు. "గూబను ఎతుక్కుంట అచ్చినవా బిడ్డా? ఇంకేం పని లేదా?" అన్నాడు. కాసేపాగి ఆయనే, "మొన్న గొర్లు మేస్తాంటే కాళ్ల కాడికెల్లి లేసింది. గద్దనుకున్న. మొఖం జూస్తే పిల్లి మొఖం" అంటూ కర్రతో రోడ్డవతల చూపించాడు. అక్కడ ఎప్పుడో ప్లాట్లు చేసి, అమ్ముడుపోక వదిలేసిన వెంచర్. లోపల నడుమెత్తు గడ్డి.

ఇక్కడే పెద్ద తప్పు చేశాను. టైమ్ మధ్యాహ్నం రెండు. నేనూ నా స్నేహితుడూ ఆగలేక లోపలికి దిగి, చెరో పక్క నుంచి నడుచుకుంటూ వెళ్లాం. పక్షి నిజంగానే నా బూటు పక్క నుంచి లేచింది, చప్పుడే లేకుండా. లేచిందో లేదో రెండు కాకులు దాన్ని అరుచుకుంటూ తరిమి కాలువ అవతలికి తోలేశాయి. నాకు కనిపించింది వీపు మాత్రమే. పగలు హాయిగా పడుకున్న పక్షిని లేపి కాకులకు అప్పగించానన్న బాధ ఇంటిదాకా పోలేదు. అది నా లెక్కలో చూసినట్టు కాదు.

పది రోజులు ఆగి సాయంత్రం పూట వెళ్లాను. ఈసారి గడ్డిలోకి అడుగు పెట్టకుండా అంచున ఉన్న మొరం కుప్ప మీద కూర్చున్నాను. 5:30 దాటాక గడ్డి మీద నుంచి ఏదో తేలుకుంటూ వచ్చింది. రెక్కలు నింపాదిగా, పెద్ద చిమ్మట ఎగిరినట్టు. వచ్చి నలభై అడుగుల దూరంలో హద్దురాయి మీద వాలింది. రాయి మీద ఎర్ర పెయింట్‌తో 47 అని ప్లాట్ నంబరు. పసుపు కళ్లు, వాటి చుట్టూ నల్లగా, ఏడ్చి కాటుక చెరిపేసుకున్నట్టు. తల ఒక పక్కకు తిప్పి గడ్డిలోకి చెవి పెట్టినట్టు చూసి, దభీమని కిందకు దూకింది. పైకి లేచినప్పుడు కాళ్లలో ఎలుక. కెమెరా మెడలోనే ఉంది, ఎత్తడం మర్చిపోయాను.

పేరులో ఉందని చెవుల కోసం చూడకండి. అవి నిజం చెవులు కావు, చిన్న ఈకల కుచ్చులు, చాలాసార్లు కనిపించనే కనిపించవు. అసలు టెన్షన్ హారియర్లతో. కొందరు వాటిని పిల్లిగద్ద అంటారు. అవి కూడా చలికాలంలోనే వచ్చి, అదే గడ్డి మీద అదే వేళకు కిందుగా ఎగురుతాయి, రాత్రికి అక్కడే నేల మీద పడుకుంటాయి. నేను రెండుసార్లు వాటిని చూసి గూబ అని కేక పెట్టినవాడినే. హారియర్‌కు తోక పొడుగు, ఒళ్లు సన్నం, రెక్కలు పైకెత్తి జారుతుంది. గూబకు తోక పొట్టి, తల గుండ్రం, మెడే లేనట్టుంటుంది. తల మీదుగా వెళితే రెక్క అడుగున, అది వంగే మణికట్టు దగ్గర నల్లమచ్చ చూడండి.

చోటు సంగతికొస్తే, నీళ్లు తగ్గి బయటపడ్డ చెరువు శికం భూమి, పడావు చెలకలు, పాత వెంచర్లు. తాజా ఎలుక బొరియలు లేకపోతే అక్కడ కూర్చోవడం దండగ. ఎక్కడో సైబీరియా లాంటి ఉత్తరపు చలి ప్రాంతాల నుంచి వచ్చే పక్షి ఇది, ఎలుకలు ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది. అందుకే కిందటేడు కనిపించిన చోట ఈ ఏడు ఉండకపోవచ్చు. హద్దురాళ్ల మొదట్లో వెంట్రుకలు, సన్నటి ఎముకలు కలిసిన బూడిదరంగు ఉండలు దొరికితే ఏదో గూబ అక్కడ వాలుతోందని అర్థం. అరగనివన్నీ అలా కక్కేస్తుంది. గట్టు దాకా వెళ్లేటప్పుడు కూడా బూట్లు వేసుకోండి, గడ్డిలో రక్తపింజరలుంటాయి. కారు దూరంలోనే ఆపండి.

జనగామ చెలకల్లో గడ్డి తగ్గుతోంది. దేవాదుల ఎత్తిపోతల నీళ్లొచ్చాక చాలాచోట్ల వరి వేశారు. ఏళ్ల తరబడి కరువు చూసిన రైతుకు నీళ్లొస్తే గూబ కోసం నేను ఏడవడం బాగుండదు, ఏడవను కూడా. సెలవు దొరికితే వికారాబాద్ జిల్లా ఎన్కతల గడ్డి మైదానానికి ఒకసారి వెళ్లి రండి, హారియర్లను పోల్చుకోవడం అక్కడ బాగా అలవాటవుతుంది.

ఆ వెంచర్ ఎక్కడో మాత్రం అడగకండి, నాకు మెసేజ్ పెట్టినా చెప్పను. దీపావళి వస్తే క్షుద్రపూజల కోసం గూబలను పట్టి అమ్మేవాళ్లున్నారు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరమే, అయినా ఆగడం లేదు. మీకు కనిపించినా చలికాలం దాటేదాకా లొకేషన్ బయట పెట్టకండి. మొన్న అటు వెళ్లొచ్చాను. 47 నంబరు రాయి అలాగే ఉంది, పక్క ప్లాట్‌లో బోరు వేస్తున్నారు.