చుట్టల లెక్క, చీకటి బస్సు

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్‌లోని ఆదర్శ లోకాల్లో ఆకలి ఉండదు, నేరాలుండవు, అందరూ సుఖంగా ఉంటారు. మనుషులు అలా బతకలేరని తెలిసీ రాసే ఇటువంటి కథల వల్ల మన సమాజం గురించి కొత్తగా తెలిసేదేమిటి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఆ లోకాన్ని ఊహించినవారు మన లోకంలో దేన్ని పట్టుకుని తలకిందులు చేశారో చూడండి, తెలిసేది అక్కడే ఉంటుంది. కమలా సత్యనాథన్ సంపాదకత్వంలో మద్రాసు నుంచి వెలువడిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో 1905లో బెంగాలీ రచయిత్రి బేగం రొకేయా ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' (సుల్తానా కల) కథ అచ్చయింది. ఆమె ఊహించిన దేశంలో స్త్రీలు రాజ్యమేలుతుంటారు, పురుషులు ఇంటి నాలుగు గోడల మధ్య వంట చేస్తూ, పిల్లలను పెంచుతూ ఉంటారు. ఎండ వేడితో వంట, మబ్బుల నుంచి నేరుగా తోడుకునే నీరు, గాలిలో ఎగిరే బండ్లు కూడా ఉన్నాయి గాని, నా దృష్టిలో అవి అలంకారాలే.

అసలు చురక పని వేళల దగ్గర ఉంది. ఆ దేశపు స్త్రీ తన పని రెండు గంటల్లో ముగుస్తుందని చెబితే, మా మేజిస్ట్రేట్లు రోజుకు ఏడు గంటలు పనిచేస్తారే అని, కలలో అక్కడికి వెళ్లి కథ చెబుతున్న సుల్తానా ఆశ్చర్యపోతుంది. ఒక చుట్ట కాలడానికి అరగంట పడుతుందనుకుంటే, రోజుకు 12 చుట్టలు కాల్చే మగవాడికి 6 గంటలు పొగలోనే పోతాయని ఆ స్త్రీ లెక్క కట్టి చూపిస్తుంది. రొకేయా భర్త స్వయంగా డిప్యూటీ మేజిస్ట్రేటు!

సగం జనాన్ని ఇళ్లలో బంధించిన దేశం ఆదర్శమెలా అవుతుందని మీరు అడగవచ్చు. కాదు, కాబోదు. అయితే కథలో బందీలైన మగవాళ్లను చూసి నొచ్చుకునే పాఠకుడికి, తన ఇంట్లోనే ఘోషాలో ఉన్న ఆడవాళ్లను చూసినప్పుడు ఆ నొప్పి ఎందుకు కలగలేదన్న ప్రశ్న తప్పదు. కథ బలమంతా ఆ ఇబ్బందిలోనే ఉంది.

మరి ఆమె బతికిన సమాజమో? 1911లో కలకత్తాలో 8 మంది విద్యార్థినులతో బడి తెరిచిన రొకేయా, ఆ బడి మోటారు బస్సు గురించి ఘోషా స్త్రీల గురించిన తన 1931 నాటి పుస్తకం 'అవరోధ్‌బాసిని'లో రాశారు. ఘోషా కోసం అన్ని వైపులా మూసేసిన ఆ బస్సులోకి గాలీ వెలుతురూ చొరబడేవి కావు. పిల్లలు ఉక్కకు వాంతులు చేసుకునేవారు, కొందరు సొమ్మసిల్లేవారు. చూడలేక ఆ మూతలు తీయించి గుడ్డ తెరలు కట్టిస్తే, గాలికి తెరలు రెపరెపలాడి ఘోషా చెడుతోందంటూ ఆమెకు ఉత్తరాలు వచ్చాయి.