ఖో-ఖోనా, 800 మీటర్లా? గుంతకల్లు తండ్రికి జవాబు

గుంతకల్లు నుంచి ఒక రైల్వే ఉద్యోగి రాసిన ఉత్తరానికి ఇది జవాబు. ఆయన కుమార్తె తొమ్మిదో తరగతి చదువుతోంది. బడి ఖో-ఖో జట్టులో ఆడుతుంది, 800 మీటర్ల పరుగులో మండల స్థాయిలో మొదటి స్థానమూ తెచ్చుకుంది. పీఈటీ మాస్టారు ఖో-ఖో మాన్పించి పూర్తిగా పరుగులో పెట్టమంటున్నారు. అమ్మాయి మాత్రం ఒంటరిగా పరుగెత్తడం తనకు ఇష్టం లేదంటోంది. తండ్రి ఒకప్పుడు వాలీబాల్ ఆడి, జట్టు ఎంపికలో తనకు అన్యాయం జరిగిందన్న బాధతో ఆట మానేసిన మనిషి. అందుకే "ఎవరి దయా అక్కరలేని ఆటలో పెడితే మంచిది కదా, స్టాప్‌వాచ్‌కు బంధుత్వాలు లేవు" అని అడుగుతున్నారు.

అయ్యా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. మీ అమ్మాయికి ఏ తరహా ఆట సరిపడుతుందన్నది ఒకటి, మీకు జరిగినది ఆమెకు జరగకుండా ఎలా చూడాలన్నది మరొకటి. రెండవ దానికి జవాబు వెతుక్కుంటూ మొదటి దాన్ని తేల్చేస్తే, మైదానంలో ఉన్నది ఆమె అయినా ఆడుతున్నది మీ పాత ఆటే అవుతుంది. కాబట్టి ముందు ఆమె సంగతి చూద్దాం.

నలుగురిలో కలవని పిల్లలకు వ్యక్తిగత క్రీడలు, కలుపుగోలు పిల్లలకు జట్టు క్రీడలు అని చాలామంది సలహా ఇస్తారు. నా అనుభవంలో ఈ లెక్క తరచుగా తప్పుతుంది. నోరు విప్పని పిల్లలు కొందరు జట్టులో ఉన్నప్పుడే ధైర్యంగా ఆడతారు, ఎందుకంటే అక్కడ మాటతో పని లేకుండానే తమకొక స్థానం దొరుకుతుంది. గలగల మాట్లాడే పిల్లలు కొందరు పరుగు మొదలయ్యే గీత దగ్గర నిలబడగానే మరో మనిషిలా మారిపోతారు. స్వభావం చూసి ఆటను నిర్ణయించడం కంటే, ఆ ఆటలోని ఏ క్షణం కోసం పాప మైదానానికి వెళ్తోందో గమనించడం మేలు.

ఖో-ఖోలో తరిమే జట్టు నుంచి ఎనిమిది మంది ఒకరి తరువాత ఒకరు ఎదురెదురు దిక్కులకు తిరిగి కూర్చుంటారు, తొమ్మిదో అమ్మాయి తరుముతుంది. ఒకసారి ఒక దిక్కు పట్టాక స్తంభం దాటేదాకా ఆమె వెనక్కి తిరగకూడదు. అందుకే తాను అందుకోలేని మనిషిని పట్టుకోవడానికి సరైన చోట కూర్చున్న అమ్మాయి వీపు తట్టి "ఖో" అనాలి. అంటే ఈ ఆటలో సగం నైపుణ్యం పరుగులో ఉండదు. వేళ్ళు నేలకు ఆనించి, మడమలు లేపి, వెనుక నుంచి ఎప్పుడు పిలుపు వస్తుందా అని కాచుకుని కూర్చోవడంలో ఉంటుంది. 800 మీటర్ల పరుగు ఇందుకు పూర్తిగా వేరు. రెండు చుట్లలో మొదటి చుట్టు ఎవరికైనా బాగానే ఉంటుంది; రెండో చుట్టు సగానికి వచ్చేసరికి తొడలు బరువెక్కి ఊపిరి అందదు. ఆ చివరి వంపులో వీపు తట్టి తన పరుగు అందుకునేవాళ్ళెవరూ ఉండరు. ఆ ఒంటరితనమే కొందరికి ఇష్టం, కొందరికి భయం. మీ అమ్మాయి వద్దంటున్నది పరుగునా, ఆ చివరి 200 మీటర్లనా, లేక స్నేహితురాళ్ళు లేని సాయంత్రాలనా అన్నది ఆమెనే నెమ్మదిగా అడగండి. మూడింటికీ మూడు వేర్వేరు పరిష్కారాలున్నాయి.

ఇక్కడ మరొక మాట తప్పక చెప్పాలి. ఆ వయసు అమ్మాయిల్లో రక్తహీనత చాలా ఎక్కువ. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే దూరపు పరుగు నరకంలా అనిపిస్తుంది. ఖో-ఖోలో మధ్య మధ్య కూర్చునే వీలుండటం వల్ల అదే లోపం అంతగా బయటపడదు. పరుగు నచ్చలేదన్న పిల్లను మనస్తత్వం పేరుతో అంచనా వేసే ముందు ఒక రక్తపరీక్ష చేయించండి. తక్కువ ఉంటే వైద్యుల సలహాతో మందులు వాడి, కొన్ని నెలల తరువాత ఇదే ప్రశ్న మళ్ళీ అడగవచ్చు. అప్పుడు జవాబు మారినా ఆశ్చర్యం లేదు.

ఇక ఎంపికల విషయం. స్టాప్‌వాచ్‌కు బంధుత్వాలు లేవన్న మీ మాట నిజమే, పరుగులో వచ్చిన సమయాన్ని ఎవరూ దాచలేరు. అయితే జట్టులో పది పన్నెండు స్థానాలుండే చోట, పరుగులో ఒక అంశానికి ఒకరిద్దరికే అవకాశం ఉంటుంది. పోటీ రోజున జ్వరం వస్తే ఆ ఏడాది పోయినట్టే. కనుక న్యాయం ఒకవైపే ఉందని నేను అనలేను. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే విషయం. మన ఊళ్ళలో పదో తరగతి అయిపోగానే బడి జట్టు చెదిరిపోతుంది. ఒకరు కర్నూలులో, ఒకరు అనంతపురంలో ఇంటర్‌లో చేరతారు; కొందరికి సంబంధాలు చూడటం మొదలవుతుంది; చాలా కార్పొరేట్ కళాశాలల్లో మైదానమే ఉండదు. మిగతా ఎనిమిది మంది లేకుండా ఖో-ఖో సాధన సాగదు. పరుగుకు మాత్రం ఒక జత బూట్లు, ఉదయం ఒక గంట ఉంటే చాలు. పీఈటీ మాస్టారి సలహాలో బలం ఇక్కడ ఉంది. దీన్ని దాచకుండా అమ్మాయికి చెప్పండి. పద్నాలుగేళ్ళ పిల్లకు ఈ వాస్తవం అర్థమవుతుంది.

మీకు వాలీబాల్ తెలుసు కాబట్టి ఒక ఉదాహరణ ఇస్తాను. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, మీలాగే రైల్వేకు చెందినవారు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు సభ్యులు. కూతురు బ్యాడ్మింటన్ ఎంచుకుంటే వారు అడ్డు చెప్పలేదు. ఆమె 2016 రియోలో రజతం, టోక్యోలో కాంస్యం తెచ్చింది. ఇటు మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి, క్రికెట్‌కు రాకముందు వేరే ఆటలు ఆడి, 2025లో ప్రపంచకప్ గెలిచిన భారత మహిళల జట్టులో బౌలర్‌గా నిలిచింది. తొలి ఆటే చివరి ఆట కానవసరం లేదు.

ఉద్యోగాల కోసమే అయితే ఈ తొందర అక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వ నియామకాల్లో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. రైల్వే క్రీడా కోటాలో అథ్లెటిక్స్‌కూ జట్టు క్రీడలకూ నోటిఫికేషన్లు రావడం మీకే బాగా తెలుసు. బీపీఈడీ చేసి వ్యాయామ ఉపాధ్యాయురాలు కావాలన్నా, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేయాలన్నా ఏ తరహా ఆట నుంచి వచ్చినా దారి ఉంది.

ఈ ఏడాది ఏదీ మాన్పించవద్దు. ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసులో ఏడాది పొడవునా ఒకే కదలిక చేయిస్తే కాలి ముందు ఎముక నొప్పి, మోకాలి నొప్పి తేలిగ్గా వస్తాయి. వారంలో మూడు రోజులు ఖో-ఖో, రెండు రోజులు పరుగు ఉండేలా మాస్టారితో మాట్లాడండి. ఆ పరుగు రోజుల్లో తోడుగా మరో అమ్మాయి ఉంటే ఇంకా మంచిది. పాఠశాల క్రీడల్లో అండర్-14 దాటి అండర్-17లోకి వచ్చే పిల్లలు తమకంటే రెండు మూడేళ్ళు పెద్దవాళ్ళతో తలపడాలి. అందువల్ల ఈసారి మండలంలో మొదటి స్థానం రాకపోతే దాన్ని పరుగు పనికిరాదన్న సూచనగా తీసుకోకండి. స్థానం వదిలేసి, నెలకొకసారి అదే మైదానంలో వచ్చిన సమయాన్ని ఒక పుస్తకంలో రాసి ఉంచండి.

వీలైతే ఒక ఆదివారం రైలెక్కి అనంతపురం వెళ్ళి, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వారి క్రీడా గ్రామాన్ని ఆమెకు చూపించండి. ఒకే ఆవరణలో ఒకవైపు హాకీ, ఫుట్‌బాల్ జట్లు, మరోవైపు టెన్నిస్, జూడో పిల్లలు సాధన చేస్తుంటారు. ఎక్కడ ఎక్కువ సేపు నిలబడి చూస్తుందో గమనించండి, ఏమీ అడగవద్దు. తరువాత వచ్చే మండల పోటీలకు రెండింటిలోనూ పేరు ఇవ్వమనండి. రెండూ ఒకే సమయానికి పడితే ఏది వదులుకోవాలో మాస్టారూ మీరూ కాకుండా ఆమెనే చెప్పనివ్వండి.