మెల్బోర్న్‌లో బడి చూసి ఇల్లు వెతుకుతున్న అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అల్లుడుగారికి మెల్బోర్న్‌లో ఉద్యోగం ఖాయమైందని, జూన్ నెలాఖరుకు నలుగురూ బయలుదేరుతున్నారని తెలిసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నువ్వు జతచేసిన బడుల జాబితా కూడా చూశాను. ఎవరో స్నేహితులు ర్యాంకుల వారీగా పేర్చిన ఆ జాబితాలో మొదటి పది బడులలో ఏదో ఒకటి దొరికే చోటే ఇల్లు తీసుకోవాలని, అద్దె ఎంతైనా ఫరవాలేదని మీరిద్దరూ అనుకుంటున్నట్టు రాశావు. ఇద్దరు పిల్లలతో ఈ ఊరు వచ్చి, ఆ తరువాత పన్నెండేళ్లు ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఆఫీసులో అడ్మిషన్ల కాగితాలు చూసినదాన్ని కాబట్టి, ఈ విషయంలో నాకు తెలిసింది నీకు చెప్పకుండా ఉండలేను. ఉత్తరం పెద్దదే అవుతుంది. ఓపికగా చదివి, అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

ముందుగా జోన్ సంగతి. హైదరాబాదులో మనం బడిని ఎంచుకున్నాక బస్సు మన వీధికి వస్తుందో రాదో కనుక్కుంటాం. గంట ప్రయాణమైనా సర్దుకుంటాం. మెల్బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పద్ధతి దీనికి తలకిందులు. ఇక్కడ ప్రతి ఇంటి చిరునామా ఏదో ఒక ప్రాథమిక పాఠశాల జోన్‌లోనూ, ఏదో ఒక హైస్కూలు జోన్‌లోనూ ఉంటుంది. మీరు స్థిరంగా నివసించే ఇల్లు ఆ జోన్‌లో ఉంటే ఆ బడిలో మీ పిల్లలకు చోటు ఖాయం. జోన్ బయట ఉంటే, లోపలివాళ్లందరూ చేరాక సీట్లు మిగిలితేనే మీ పేరు చూస్తారు, పేరున్న బడులలో అలా మిగలడం అరుదు. విద్యాశాఖవారి ‘ఫైండ్ మై స్కూల్’ వెబ్‌సైటులో చిరునామా కొట్టి చూస్తే ఆ ఇల్లు ఏ జోన్‌లోకి వస్తుందో తెలుస్తుంది. వీధి పేరు కొట్టి ఊరుకోవద్దు, ఇంటి నంబరు కూడా కొట్టు. హద్దులు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి, పాప చేరబోయే ఏడాది హద్దునే చూడు.

నంబరు కొట్టమని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక జనవరిలో, సెలవుల తరువాత ఆఫీసు తెరిచిన వారంలోనే, మన వైపు నుంచి వచ్చిన ఒక జంట మా కౌంటరు దగ్గరకు వచ్చారు. ఆయన చేతిలో అద్దె ఒప్పందం, ఆమె చేతిలో ఏడేళ్ల పిల్లవాడి కొత్త బ్యాగు. ఒప్పందంలోని చిరునామాను మ్యాపులో పెట్టి చూశాను. జోన్ గీత సరిగ్గా వాళ్ల రోడ్డు మధ్యగా పోతోంది. సరి సంఖ్య ఇళ్లు మా బడికి, బేసి సంఖ్య ఇళ్లు పక్క బడికి వస్తాయి. వాళ్లది బేసి సంఖ్య. ఎదురింటివాళ్ల పిల్లలు మా బడిలోనే చదువుతున్నారని ఆయన అంటూనే ఉన్నారు, ఆమె మాత్రం ఒక్క మాటా మాట్లాడకుండా బ్యాగు జిప్పు తెరుస్తూ మూస్తూ నిలబడింది. బాండు, అంటే ఇంటి డిపాజిట్టు, కట్టేశారు, ఏడాదికి సంతకం పెట్టేశారు. ఆ ఏడాది మా బడిలో అదనపు సీట్లు లేవు. పక్క బడి కూడా చక్కని బడే, కానీ ఆ ఇంటికి వాళ్లు అద్దె ఎక్కువ పెట్టింది మా బడి కోసమే.

ఇక ఇప్పటివరకూ నీ దృష్టికి రాని సంగతి ఒకటుంది. పాపకు పదేళ్లు నిండాయి కనుక, ఇక్కడ వయసును బట్టి ఐదో తరగతిలో కూర్చోబెడతారు. ఇక్కడ విద్యాసంవత్సరం జనవరి చివర మొదలై డిసెంబరులో ముగుస్తుంది, నాలుగు టర్ములు ఉంటాయి. మీరు వచ్చేసరికి రెండో టర్ము ముగిసి శీతాకాలపు సెలవులు మొదలవుతాయి, పాప జూలై నడుమ మూడో టర్ములో చేరుతుంది. ఆరో తరగతితో ప్రాథమిక పాఠశాల అయిపోతుంది, ఏడో తరగతి నుంచి హైస్కూలు. అంటే ఏడాదిన్నరలోనే పాప బడి మారుతుంది, హైస్కూలు దరఖాస్తు ఆరో తరగతి మొదటి సగంలోనే ఇవ్వాలి. కాబట్టి మీరు ఇప్పుడు శ్రద్ధగా చూడవలసింది హైస్కూలు జోన్. ప్రాథమిక పాఠశాలకు ర్యాంకు వెతుకుతూ, హైస్కూలు ఏదో చూడకుండా సంతకం పెట్టిన కుటుంబాలను నేను చాలామందిని చూశాను. బాబు సంగతిలో తొందర లేదు. ఏప్రిల్ 30 నాటికి ఐదేళ్లు నిండే పిల్లలే ఆ ఏడాది ప్రెప్‌లో, అంటే ఒకటో తరగతికి ముందు తరగతిలో, చేరతారు. అంతవరకూ కిండర్‌గార్టెన్ ఉంది, నాలుగేళ్ల పిల్లలకు వారానికి 15 గంటలు ప్రభుత్వ ఖర్చుతోనే నడుస్తుంది. అయితే ఆ సీట్లకు ముందుగా పేరు రాయించుకోవాలి.

నువ్వు పంపిన జాబితాలోని అంకెల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు పొరబడేది ఇక్కడే. ఇక్కడ పిల్లలకు 3, 5, 7, 9 తరగతులలో నాప్లాన్ అనే పరీక్ష దేశమంతటా పెడతారు, 2023 నుంచి అది మార్చిలో జరుగుతోంది. పన్నెండో తరగతికి ఇచ్చే వీసీఈ అనే రాష్ట్ర సర్టిఫికెట్టులో ఒక్కో సబ్జెక్టుకు 50కి స్కోరు ఇస్తారు, రాష్ట్ర సగటు 30 దగ్గర ఉండేలా లెక్క కడతారు. మీ స్నేహితులు పేర్చిన వరుస ఈ సగటుల మీద కట్టినదే. ఆ సగటులో ఉపాధ్యాయుల శ్రమ ఎంతో, ఆ వీధులలో ఉండే తల్లిదండ్రుల చదువు, ట్యూషన్లకు వాళ్లు పెట్టే డబ్బు ఎంతో విడదీసి చెప్పే దారి లేదు. ‘మై స్కూల్’ అనే ప్రభుత్వ వెబ్‌సైటు 2010 నుంచి ఉంది. అందులో ప్రతి బడికీ ఇక్సియా అనే సూచిక కనిపిస్తుంది. అది తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం వంటివి లెక్కలోకి తీసుకుని కట్టే సంఖ్య, దాని సగటు 1000. అదే వెబ్‌సైటు, ఒక బడి పిల్లల ఫలితాలను అటువంటి నేపథ్యమే ఉన్న ఇతర పిల్లల ఫలితాలతో పోల్చి చూపిస్తుంది. నీకు కావలసింది ఆ పోలిక. సూచిక 1000కి అటూ ఇటూగా ఉండి, తన వంటి బడులకంటే మెరుగ్గా నిలిచిన బడి కనిపిస్తే, అక్కడ పాఠం బాగా చెబుతున్నారని నేను నమ్ముతాను. సూచిక ఎంతో ఎత్తున ఉండి, ఫలితాలు అందుకు తగినట్టు మాత్రమే ఉన్న బడికి అంత అద్దె పోయడం నా మనసుకు ఒప్పదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను, ఇన్నేళ్లుగా మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు. మేము వచ్చిన కొత్తలో, నగరానికి తూర్పున పేరున్న ఒక హైస్కూలు జోన్‌లో రెండు పడకగదుల యూనిట్ తీసుకున్నాం. మీ పెదనాన్నగారి ఉద్యోగం పడమటి వైపు, లావర్టన్ నార్త్ పారిశ్రామికవాడలో. ఆయన తెల్లవారుజామున ఐదున్నరకు బయలుదేరి, నగరం దాటి, వెస్ట్ గేట్ వంతెన మీదుగా వెళ్లేవారు; తిరిగి వచ్చేసరికి ఎనిమిది దాటేది. పిల్లలు అప్పటికే నిద్రపోయేవారు. కంచం మీద ఇంకో కంచం మూతపెట్టి ఉంచేదాన్ని. ఆయన చేతులు కడుక్కుని, ఫ్రిజ్ మీద పిల్లలు అంటించిన బొమ్మలు ఒక్కొక్కటే చూసి, అప్పుడు అన్నానికి కూర్చునేవారు. అలా రెండేళ్లు గడిచాయి. బడి మంచిదే, అందులో తప్పేమీ లేదు. అద్దెకే జీతం చాలక నేను కూడా సాయంత్రం పనికి కుదిరాను. ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదువుతున్న పిల్లవాడి పక్కన కూర్చుని వినవలసిన గంటలో మేమిద్దరం ఇంట్లో లేము. మంచి బడి కోసం తీసుకున్న ఇంట్లో, ఆ బడి ఇచ్చిన కథల పుస్తకం పిల్లవాడితో చదివించేవాళ్లే లేకపోయారు.

అందుకే నిన్ను అడుగుతున్నాను. ఇల్లు చూసే ముందు అల్లుడుగారి ఆఫీసు చిరునామా మధ్యలో పెట్టుకుని, ఒక మామూలు సోమవారాన్ని కాగితం మీద గంటల వారీగా రాయండి. ప్రాథమిక పాఠశాలలు తొమ్మిదింటికి మొదలై మూడున్నరకు వదిలేస్తాయి. నువ్వు కూడా ఉద్యోగంలో చేరితే మూడున్నరకు గేటు దగ్గర ఎవరుంటారు? బడిలోనే సాయంత్రం దాకా పిల్లలను చూసుకునే ఏర్పాటు ఉంటుంది, దానికి డబ్బు కట్టాలి, కొన్నిచోట్ల సీటు కోసం వేచి ఉండాలి. ఆఫీసు డాక్‌లాండ్స్‌లో అని రాశావు. అది సదరన్ క్రాస్ స్టేషన్‌కు ఆనుకునే ఉంది. గ్లెన్ వేవర్లీ తన రైలు మార్గానికి చివరి స్టేషన్, ప్రయాణం సుఖంగానే ఉంటుంది, హైస్కూలు పేరు నువ్వు విన్నదే, కానీ అక్కడి అద్దె మీ జీతంలో పెద్ద వాటా తినేస్తుంది. పడమట టార్నీట్‌కు 2015లో స్టేషన్ వచ్చింది, అక్కడి నుంచి వీలైన్ అనే ప్రాంతీయ రైలు నేరుగా సదరన్ క్రాస్‌కు చేరుస్తుంది, పొద్దున పూట కిటకిటలాడుతుంది. పాయింట్ కుక్‌కు సొంత స్టేషన్ లేదు, విలియమ్స్ లాండింగ్ దాకా కారులోనో బస్సులోనో వెళ్లాలి. ఈ పడమటి ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, పండగ వస్తే తోడు కరువుండదు. అయితే అక్కడ జనం వేగంగా పెరిగారు, బడులు ఆ వేగాన్ని అందుకోవడానికి తంటాలు పడుతున్నాయి, ఆవరణలో తాత్కాలిక గదులు వరుసగా కనిపిస్తాయి. వాటిని చూసి బెదరవద్దు. లోపల ఎవరు పాఠం చెబుతున్నారో చూడు.

చూడడం అంటే నిజంగా వెళ్లి చూడడం. బడికి ఫోన్ చేస్తే ప్రిన్సిపాల్ స్వయంగా తిప్పి చూపించే రోజులు చెబుతారు. లెక్కల్లో ముందున్న పిల్లకు ఏం చేస్తారో, వెనకబడిన పిల్లకు ఏం చేస్తారో అడుగు. మధ్యలో చేరిన పిల్లకు మొదటి వారం ఎవరు తోడుంటారో అడుగు. రెండు తరగతులను కలిపి ఒకే గదిలో పెట్టే కంపోజిట్ తరగతి కనిపిస్తే కంగారు పడకు, ఇక్కడ అది మామూలే. ఆ తరువాత ఒక మధ్యాహ్నం మూడుంపావుకు గేటు బయట నిలబడి, బడి వదిలాక టీచర్లు పిల్లలను పేరు పెట్టి పిలుస్తున్నారో లేదో గమనించు. ప్రిన్సిపాల్ రోజూ గేటు దగ్గరకు వచ్చే బడి మీద నాకు నమ్మకం ఎక్కువ.

సెలెక్టివ్ బడుల గురించి కూడా అడిగావు. విక్టోరియాలో అటువంటివి నాలుగే: అబ్బాయిలకు మెల్బోర్న్ హైస్కూల్, అమ్మాయిలకు మ్యాక్‌రాబర్ట్‌సన్, ఇద్దరికీ బెర్విక్‌లోని నోసల్, వెరిబీలోని సుజాన్ కోరీ. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి తొమ్మిదిలో చేరాలి, వీటికి జోన్ లేదు. అంటే వీటి కోసం ఇప్పుడు ఇల్లు ఎంచుకునే అవసరమే లేదు. పాపను దేశం మారిన మొదటి ఏడాదే కోచింగులో పడేయవద్దని మాత్రం చేతులు పట్టుకుని అడుగుతున్నాను. ప్రైవేటు బడుల విషయం క్లుప్తంగా చెబుతాను: పేరున్నవాటిలో ఏడాదికి ఒక్క పిల్లకే ఫీజు 30,000 డాలర్లు దాటుతుంది, కాథలిక్ బడులలో అంతకంటే చాలా తక్కువ.

కాగితాల సంగతి. పిల్లల టీకా కార్డులు, జనన ధ్రువపత్రాలు, చివరి రెండేళ్ల మార్కుల పత్రాలు చేతి సంచిలోనే పెట్టుకోండి. ప్రాథమిక పాఠశాలలో చేరేటప్పుడు ఆస్ట్రేలియా రిజిస్టరు నుంచి టీకాల పత్రం అడుగుతారు, అక్కడ వేయించినవి ఇక్కడి డాక్టరు చేత ఆ రిజిస్టరులో ఎక్కించాలి. మీ వీసా రకాన్ని బట్టి ప్రభుత్వ బడిలో కూడా ఫీజు పడవచ్చు, కనుక టికెట్లు కొనకముందే వీసా నంబరు చెప్పి విద్యాశాఖను అడిగి తెలుసుకోమని అల్లుడుగారికి చెప్పు. ఇళ్ల అద్దె ఇక్కడ వారం లెక్కన చెబుతారు, నాలుగుతో గుణించి నెల అద్దె అనుకోవద్దు; 52తో గుణించి 12తో భాగించు. అక్కడి నుంచే ఫోటోలు చూసి ఇంటికి ఒప్పుకోవద్దు.

వచ్చిన మొదటి నాలుగు వారాలు మా ఇంట్లోనే ఉండండి, ముందు గది మీకోసం ఖాళీ చేయిస్తున్నాను. మా చిరునామాతో పాపను ఇక్కడి బడిలో చేర్పిద్దామని మీ అమ్మ ఫోన్‌లో అంది, అది వద్దు. మీరు నిజంగా ఉండే ఇంటి చిరునామానే ఇవ్వాలి, రుజువులు అడుగుతారు, ఆ బల్ల వెనక నేను కూర్చున్నదాన్ని కాబట్టి ఆ పని నాచేత కాదు. సెలవులు రెండు వారాలు ఉంటాయి, ఆ రోజుల్లో మీ పెదనాన్నగారు కారులో మిమ్మల్ని నాలుగైదు చోట్లకు తిప్పుతానన్నారు. అల్లుడుగారి ఆఫీసుకు వారంలో ఎన్ని రోజులు వెళ్లాలో, ఎన్నింటికి చేరాలో కనుక్కుని ఈ వారంలోనే రాసి పంపు, రైలు వేళలు చూసి ఏయే స్టేషన్ల చుట్టూ వెతకాలో నేను గుర్తుపెట్టి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ