మీ అన్నయ్యను అడిగావా?

‘నా వయసు 23. మాది తెనాలి దగ్గర పల్లె. సికింద్రాబాద్‌లో ఉండి బీఏఎస్ఎల్‌పీ (వినికిడి, మాట లోపాల చికిత్సకు సంబంధించిన డిగ్రీ) చదివాను. ఇంటర్న్‌షిప్ అయిపోయింది, ఈ వృత్తి చేసేందుకు కావాల్సిన ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ కూడా వచ్చింది. ఇప్పుడు ఆడియాలజీ, అంటే వినికిడి శాస్త్రంలో పీజీకి అప్లై చేయాలి. మా అన్నయ్యకు 28 ఏళ్లు. పుట్టుకతోనే వినపడదు. తెనాలిలో ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపులో డిజైనర్‌గా పనిచేస్తున్నాడు. చిన్నప్పటి నుంచి ఆస్పత్రిలో, బ్యాంకులో, చుట్టాల దగ్గర తన తరఫున నేనే మాట్లాడతాను. “వాడికి నువ్వే చెవులు” అంటుంది అమ్మ. నేను ఈ కోర్సులో చేరిందే అన్నయ్య కోసం. ఇప్పుడు మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఎంట్రన్స్ రాయాలా, అమెరికాలో ఏయూడీకి (డాక్టర్ ఆఫ్ ఆడియాలజీ) ప్రయత్నించాలా? అమెరికాకైతే ఈ చదువు ఎందుకు కావాలో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాయాలి. అందులో అన్నయ్య కథ రాస్తే సీటు తొందరగా వస్తుందని సీనియర్లు అంటున్నారు. రాయవచ్చా? అన్నయ్యకు ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పినా అర్థం చేసుకోలేడు, ఊరికే బాధపడతాడు. నేను వెళ్లిపోతే తనకు దిక్కెవరని అమ్మ ఏడుస్తోంది. తనకు సంబంధాలు చూస్తున్నారు, ఆ పెళ్లయ్యేదాకా నన్ను ఆగమంటోంది. పోయిన నెల అమ్మాయి తరఫు వాళ్లు వస్తే వాళ్లతో మాట్లాడిందీ నేనే. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?’
– ఒక చెల్లెలు

అమ్మా, మైసూరా అమెరికానా అన్నది తర్వాత చూద్దాం. నువ్వు అనుకుంటున్నంత పెద్ద ప్రశ్న కాదది. నేను ఆగిపోయింది ‘చెప్పినా అర్థం చేసుకోలేడు’ అని నువ్వు రాసిన చోట. 28 ఏళ్ల మనిషి, పొద్దున్నే బస్సెక్కి తెనాలి వెళ్లి, కంప్యూటర్ ముందు కూర్చుని, ఊరందరి పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ ఫ్లెక్సీలు తయారుచేసి, జీతం తెచ్చుకుంటున్న మనిషి. చెల్లెలు పై చదువుకు వెళ్తోందంటే ఆయనకు అర్థం కాదా? ఆయనకు లేనిది వినికిడి. తెలివి కాదు. ఈ తేడా ఊళ్లోవాళ్లకు తెలియకపోతే పోనీలే అనుకోవచ్చు. నాలుగేళ్లు ఇదే చదివిన నువ్వు కూడా అలా రాస్తే నాకు కష్టంగా అనిపించింది.

నీ ఉత్తరం మళ్లీ ఒకసారి చదువుకో. అమ్మ ఏమందో ఉంది. సీనియర్లు ఏమన్నారో ఉంది. అన్నయ్య ఏమన్నాడో ఎక్కడా లేదు. పెళ్లి సంబంధం ఆయనది, మాట్లాడింది నువ్వు. ఆ అమ్మాయి ఆయనకు నచ్చిందో లేదో కూడా నువ్వు రాయలేదు. అడిగి ఉంటే రాసేదానివి.

నీకు నిద్ర పట్టకపోవడానికి కారణం అప్లికేషన్ కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నీకూ అన్నయ్యకూ మధ్య ఉన్న సంబంధం చిన్నప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. ఆయన పక్కన నిలబడి ఆయన బదులు మాట్లాడటమే ప్రేమ అని నీకు నేర్పారు. అది నీ తప్పు కాదు. ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల భుజం మీద పెద్దవాళ్లు మోయాల్సిన బరువు పెట్టారు, నువ్వు మారు మాట్లాడకుండా మోశావు. అందుకు నీకు దండం పెట్టాలి. కానీ ఇప్పుడు నీకు 23. ఆ బరువు దించుతానంటే అన్నయ్యను వదిలేసినట్టవుతుందేమోనని భయపడుతున్నావు. ఆయన మాత్రం ఎప్పటి నుంచో తన కాళ్ల మీద తను నిలబడే ఉన్నాడేమో. మీ ఇంట్లో ఎవరూ చూసినట్టు లేరు.

మీ అమ్మగారి మీద నాకు కోపం లేదు. ఆమె గుండెలో ఏముందో నేను ఊహించగలను. ఆ రోజుల్లో పల్లెల్లో పిల్లాడు పిలిస్తే తిరిగి చూడకపోతే ‘మాటలు ఆలస్యంగా వస్తాయిలే, వాళ్ల తాతకూ అంతే’ అని సర్దిచెప్పేవాళ్లు. పిల్లల లోపాలను చిన్నప్పుడే కనిపెట్టే ఆర్‌బీఎస్‌కే పథకం వచ్చిందే 2013లో. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. చిన్నపిల్లలకు ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్లు అందులోకి వచ్చేసరికి మీ అన్నయ్యకు ఆ వయసు దాటిపోయింది. ‘ముందే తెలిసి ఉంటే’ అన్న బాధ ఏ తల్లినీ వదలదు. ఆ బాధే నిన్ను చెవులుగా చేసింది. ఆమెను ఓదార్చు, పక్కన కూర్చో, కానీ ఆమె బాధ తీర్చడానికి నీ చదువు ఆపుకోకు. ఆపినా ఆ బాధ తీరదు.

నీ వృత్తి సంగతే చెబుతాను. మా అత్తగారికి డెబ్బై దాటాక వినికిడి బాగా తగ్గింది. ఒకచోటికి తీసుకెళ్తే అక్కడ ప్రశ్నలన్నీ నన్నే అడిగారు. ‘ఎప్పటి నుంచి? చెవిలో హోరు ఉందా? టీవీ సౌండ్ ఎంత పెడతారు?’ అన్నీ నేనే చెప్పాను. ఆవిడ గోడకున్న క్యాలెండర్ చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఇంకో క్లినిక్‌కు వెళ్లాం. అక్కడి అమ్మాయి నీ వయసుదే. తన కుర్చీ జరుపుకుని ఆవిడ ముఖానికి ఎదురుగా కూర్చుంది, నెమ్మదిగా, పెదవులు కనపడేలా ఆవిడనే అడిగింది. నేను మధ్యలో అందుకోబోతే ‘ఒక్క నిమిషం అమ్మా, వారినే చెప్పనివ్వండి’ అంది. ఆ రోజు మా అత్తగారు తనకు పెళ్లిమంత్రాలు కూడా వినపడటం లేదని, అందుకే శుభకార్యాలకు రావడం మానేశానని చెప్పారు. ఒకే ఇంట్లో ఉంటున్న నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. వినికిడి ఎంత ఉందో చూపే ఆడియోగ్రామ్‌లో గీత రెండు చోట్లా ఒకేలా వచ్చింది. వినికిడి మెషిన్ పెట్టుకోవడానికి ఆవిడ ఒప్పుకున్నది మాత్రం ఈ అమ్మాయి దగ్గరే.

ఇంటర్న్‌షిప్‌లో నువ్వూ ఎంతోమందికి కేస్ హిస్టరీ తీసుకునే ఉంటావు. ఇంట్లో అన్నయ్య ముందు మాత్రం పేషెంటు తరఫున జవాబులు చెప్పే తోడు మనిషి కుర్చీలోంచి నువ్వు లేవలేదు. అక్కడి నుంచి లేవకుండా రేపు ఆడియాలజిస్టు కుర్చీలో ఎలా కూర్చుంటావు? బెరా, ఓఏఈ, ఇంపెడెన్స్ లాంటి వినికిడి పరీక్షలు ఎవరైనా నేర్పుతారు. ఎదుట ఉన్న మనిషినే అడగాలన్నది నీ అంతట నువ్వు నేర్చుకోవాలి. నీకు దానికి ఇల్లే ఉంది.

ఇంకో మాట. అన్నయ్యకు తనలాంటి స్నేహితులు ఉన్నారా? ఉండే ఉంటారు. వాళ్లు వీడియో కాల్‌లో చేతులతో గంటలు గంటలు మాట్లాడుకుంటారు. ఆ సైగ భాష నీకు వచ్చా? ఇంట్లో వాడే అన్నం, నీళ్లు, రా, పో సైగల గురించి కాదు నేను అడిగేది. రాకపోతే ఇవాళే మొదలుపెట్టు. ఢిల్లీలో 2015లో పెట్టిన భారతీయ సైగ భాష పరిశోధనా కేంద్రం పదివేల పదాల నిఘంటువును 2021లో తెచ్చింది, వీడియోలు ఉచితంగా చూడవచ్చు. వాటికంటే మీ అన్నయ్యే మంచి మాస్టారు. ఇన్నాళ్లూ నువ్వు ఆయనకు చెప్పావు, ఇప్పుడు ఆయన దగ్గర నేర్చుకో. చెల్లెలికి తను నేర్పుతున్నానంటే ఆ అన్నకు ఎంత గౌరవమో ఆలోచించు.

ఇప్పుడు స్టేట్‌మెంట్ సంగతి. అన్నయ్య కథ రాయవచ్చా అని నన్ను అడిగావు. ఆ కథ నాది కాదు, నీది కూడా పూర్తిగా కాదు. ఆయనకు ఎప్పుడు తెలిసింది, ఎంత శాతం లోపం ఉంది, స్కూల్లో ఎవరు ఏడిపించారు, మెషిన్ ఎందుకు తీసి పక్కన పెట్టాడు, ఇవన్నీ ఆయన బతుకులోని సంగతులు. సీటు కోసం ఆయనకు తెలియకుండా పరాయి దేశంలో ముక్కూ మొహం తెలియని వాళ్లకు చెప్పడం నాకు సమ్మతం కాదు. ముందు రాసి ఆయనకు చూపించు. ఇంగ్లిష్ కష్టమైతే తెలుగులో రాసి చూపించు. కొట్టేయమన్న లైన్లు కొట్టేయి. అసలు వద్దంటే మానేయి, బతిమాలకు. ఇంటర్న్‌షిప్‌లో నువ్వు చేసిన పనే రాయి. పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మెషిన్, థెరపీ మొదలవ్వాలని చదువుకున్నావు కదా. నీ దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఎందరు అలా వచ్చారు, రానివాళ్లు ఎక్కడ ఆగిపోయారు, పల్లె నుంచి వచ్చిన నీకు దానికి ఏం దారి తోచింది, ఇది రాస్తే చాలు. సెలక్షన్ చేసేవాళ్లు జాలి కథలు చాలా చదివి ఉంటారు. వాళ్లు చూసేది నీ పని.

మైసూరా, అమెరికానా అంటావా? నన్నడిగితే ముందు మైసూరు. 1965 నుంచి ఉన్న సంస్థ, కేంద్ర ఆరోగ్య శాఖది. ఎంఎస్సీ ఆడియాలజీ రెండేళ్లు, సీటు ఎంట్రన్స్ మార్కులతో వస్తుంది, అన్నయ్య కథతో పనే లేదు. ముంబయిలో ఇలాంటిదే అలీ యావర్ జంగ్ సంస్థ ఉంది, అక్కడా రాయి. అమెరికాలో ఏయూడీ సాధారణంగా నాలుగేళ్లు, చివరి ఏడాది దాదాపుగా ఎక్స్‌టర్న్‌షిప్‌తోనే, అంటే క్లినిక్‌లో పనిచేస్తూ నేర్చుకోవడంతోనే గడుస్తుంది, ఆ తర్వాత ఏ రాష్ట్రంలో పనిచేస్తే ఆ రాష్ట్రం లైసెన్సు తీసుకోవాలి. అన్నేళ్ల ఖర్చుకు మీ నాన్నగారు పొలం తాకట్టు పెట్టాలంటే మాత్రం నేను ఒప్పుకోను. అక్కడి ఆశ ఉంటే పీజీ చేసి, రెండేళ్లు పనిచేసి, నీ డబ్బుతో వెళ్లు. తెనాలి చుట్టుపక్కల తెలుగులో మాట్లాడి, తెలుగు పదాలతో స్పీచ్ టెస్ట్ చేసే మనిషి ఎంత అవసరమో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇవన్నీ తర్వాత. ఈ వారంలో ఒక సాయంత్రం అన్నయ్య పని నుంచి వచ్చాక, అమ్మ లేనప్పుడు, వెలుతురు నీ ముఖం మీద పడేలా ఆయన ఎదురుగా కూర్చో. ఒక నోట్‌బుక్ పెట్టుకో. నువ్వు ఏం చదవాలనుకుంటున్నావో, ఎన్నాళ్లు వెళ్తావో చెప్పు. ఇన్నాళ్లూ దాచినందుకు ఆయన కోప్పడితే పడనివ్వు, ఆ కోపం న్యాయమైనదే. తర్వాత రెండు ప్రశ్నలు అడుగు. నేను లేకపోతే నీకు నిజంగా ఏ పని దగ్గర ఇబ్బంది? ఈ సంబంధం నీకు ఇష్టమేనా? జవాబు రాసేదాకా పెన్ను నీ చేతిలోకి తీసుకోకు.

మొదటి ప్రశ్నకు ఆయన బ్యాంకు అంటే ఇద్దరూ కలిసి ఒకసారి వెళ్లండి, నువ్వు బయట కూర్చో. కౌంటర్ దగ్గర ఆయన ఫోన్‌లో టైప్ చేసి చూపించుకుంటాడు. ఆస్పత్రి అంటే దానికీ అదే. రెండో ప్రశ్నకు ఆయన ఏం రాస్తే అది ఆ కాగితంతోనే అమ్మకు, నాన్నగారికి చూపించు, నీ మాటలు కలపకు. అమ్మాయి వాళ్లు మళ్లీ వస్తే ఆ రోజు నువ్వు వంటింట్లో అమ్మకు సాయం చెయ్యి. వాళ్లిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, చేతికి ఫోనో కాగితమో ఇచ్చి ఒక అరగంట వదిలేయండి. ఆ అమ్మాయికి నిజంగా ఇష్టముంటే ఆయనతో మాట్లాడే దారి తనే వెతుక్కుంటుంది. ఆ అరగంటలో వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నువ్వు అడగకు. మైసూరు ఎంట్రన్స్ ఫారం నింపేటప్పుడు మాత్రం అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకో. ఫొటో, సంతకం సైజు తగ్గించి అప్‌లోడ్ చేసే పని మీ ఇంట్లో ఆయనకే బాగా వచ్చు.