పిస్టన్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదువు

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. నీ 2015 సుబారు ఎస్టీఐ కారు ఇంజిన్ దించి, ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన) పిస్టన్లు, వాటిని క్రాంక్ అనే ఇరుసుకి కలిపే రాడ్లు వేసి 400 హార్స్‌పవర్ తెప్పించాలని నీ ప్లాన్. పార్టుల లిస్టు బాగానే రాశావు గానీ అందులో మెషిన్ షాప్ ఖర్చు లేదు, ట్యూనింగ్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు సరిచేయడం) ఖర్చు లేదు. ముందు ఆ రెండింటికీ డబ్బు పక్కన పెట్టు, మిగిలినదాంట్లో పార్టులు కొనుక్కో. ఆ 400 క్రాంక్ దగ్గరా, చక్రాల దగ్గరా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకో, రెండూ ఒకటి కాదు.

నీ ఇంజిన్, అంటే ఈజే257లో కంపెనీ వేసినవి పోత పిస్టన్లు. గట్టివే, కానీ పెళుసు. కంపెనీ ఇచ్చిన 305 హార్స్‌పవర్‌కి సరిపోతాయి. బూస్ట్ (టర్బో లోపలికి తోసే గాలి ఒత్తిడి) పెంచాక డిటొనేషన్ వచ్చిందనుకో, అంటే స్పార్క్ దగ్గర మొదలైన మంట వచ్చేలోపే మూలన మిగిలిన గాలీ పెట్రోలూ ఆ వేడికి, ఒత్తిడికి తమంతట తామే అంటుకున్నాయనుకో, ఆ దెబ్బకి రెండు రింగుల మధ్య ఉండే సన్నటి గట్టు విరిగిపోతుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్ అలాంటి దెబ్బలు ఇంకొన్ని ఎక్కువ తట్టుకుంటుంది, అంతే. అసలు దెబ్బే పడకుండా చూడాల్సింది ట్యూన్, మంచి పెట్రోల్, చల్లటి గాలి. మీ డాలస్‌లో 93 ఆక్టేన్ దొరుకుతుంది కాబట్టి అదే పోయించు. ఎయిర్ ఆయిల్ సెపరేటర్ కూడా పెట్టించు, ఎందుకంటే ఇన్‌టేక్‌లోకి వెళ్లే ఆయిల్ ఆవిరి పెట్రోల్ ఆక్టేన్‌ని దించేస్తుంది.

ఫోర్జ్‌డ్‌లో రెండు రకాల అల్లాయ్‌లు కనిపిస్తాయి. 4032లో సిలికాన్ సుమారు 12 శాతం ఉంటుంది, వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది, క్లియరెన్స్ (పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఖాళీ) బిగువుగా పెట్టొచ్చు. 2618లో సిలికాన్ దాదాపు ఉండదు, దెబ్బలకి బాగా ఓర్చుకుంటుంది కానీ ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి క్లియరెన్స్ వదులుగా ఉంచాలి, చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేస్తే టకటకలాడుతుంది. రోజూ ఆఫీసుకి తీసుకెళ్లే బండికి, నువ్వు అడిగే పవర్‌కి నేనైతే 4032 వేస్తాను.

ఏది కొన్నా పిస్టన్లు చేతికొచ్చాకే సిలిండర్లకి బోర్ కొట్టించు, ఒక్కో పిస్టన్ కొలిచి దానికి తగ్గట్టు ఒక్కో సిలిండర్ హోన్ చేయాలి, అంటే లోపలి గోడ సన్నగా అరగదీయాలి. ఇది అల్యూమినియం బ్లాక్, హెడ్ బోల్టులు బిగిస్తే బోర్ కొద్దిగా వంకర పోతుంది, అందుకే హెడ్ బదులు టార్క్ ప్లేట్ అనే మందపాటి పలక బిగించి హోన్ చేసే షాపుకే వెళ్లు, లేదంటే నిర్మొహమాటంగా వచ్చేయ్. రింగ్ గ్యాప్ పిస్టన్ కంపెనీ కాగితంలో టర్బోకి ఏమి రాశారో అదే పెట్టించు. గ్యాప్ తక్కువైతే వేడికి రింగు కొసలు ఒకదాన్నొకటి గుద్దుకుని, కొత్త పిస్టన్ గట్టు కూడా ఊడొస్తుంది.

రాడ్లని వంచేది టార్కే, అంటే ఇంజిన్ తిప్పే బలమే. ఆరో గేర్లో 2,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ అదిమి పట్టడం మానెయ్, ట్యూనర్‌కి కూడా కింద బూస్ట్ మెల్లగా ఎక్కేలా పెట్టమని చెప్పు. రాడ్ బోల్టులు టార్క్ రెంచ్ క్లిక్‌మందని వదిలేయొద్దు, స్ట్రెచ్ గేజ్‌తో ఎంత సాగాయో కొలవాలి. బేరింగ్ క్లియరెన్స్ మైక్రోమీటర్, బోర్ గేజ్ పెట్టి చూడాలి.

ఈ ఇంజిన్లలో ఆయిల్ పీల్చే పికప్ ట్యూబ్ అతుకు దగ్గర పగులుతుంది, గట్టిది కొని వేయించు. నీ పాత బేరింగ్ గీతలు పడి కనిపిస్తే ఆయిల్ కూలర్ కూడా మార్చాల్సిందే, దాన్ని ఎంత కడిగినా లోపల ఇరుక్కున్న లోహపు రజను పోదు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పెట్రోల్ పంప్ ఫ్యూజ్ తీసి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా స్టార్టర్‌తో ఇంజిన్ తిప్పు. కొత్త ఇంజెక్టర్లు వేస్తుంటే వాటికి సరిపడే బేస్ మ్యాప్ (కంప్యూటర్‌లో వేసే మొదటి సెట్టింగ్) ఆలోపే ఎక్కించి ఉండాలి. మొదటి 50 మైళ్లకే ఆయిల్ మార్చి, ఫిల్టర్ కోసి మడతల్లో ఏముందో చూడు. ఆ తర్వాతే డైనో, అంటే పవర్ కొలిచే మెషిన్ మీద ఎక్కించడం.

షాపువాళ్లు బోర్, క్రాంక్ కొలతలు రాసిచ్చిన కాగితం ఫోటో తీసి పంపు. అది నేను చూసేదాకా బేరింగులు ఆర్డర్ పెట్టకు.

మీ మామయ్య