పక్క ప్లాట్ల రెండు సెల్లార్లు తవ్వుతున్నరు, బాంబులు పేలుస్తున్నరు, మా ఇంటికి ఏమన్న అయితదా?

బాంబుల సంగతి తర్వాత, ముందు అక్కడ నీళ్లు తోడే మోటర్ నడుస్తున్నదా చూడండి. నడిస్తే ఆ నీళ్లు మోరిల ఏ రంగుల పోతున్నయో చూడండి. హన్మకొండల మా ఇంటి పక్కన ఇదే అయింది, అందుకే గట్టిగ చెప్తున్న.

మాది పాత ఇల్లు, పునాది లోతు తక్కువ. పక్కోళ్లు ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ మొదలుపెట్టిన్రు, పైన ఎర్రమన్ను, కింద మొరం, ఆ మొరంల నుంచి నీళ్లు ఊరుడు మొదలైంది, ఇగ రాత్రి పగలు మోటరే. ముందుగాల బాత్రూం తలుపు పట్టలేదు, వానకు చెక్క ఉబ్బింది అన్నది అమ్మ. తర్వాత కిటికీ మూల నుంచి ఏటవాలుగ నెర్రె వచ్చింది. మా గల్లీల రిటైర్డ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సారు వచ్చి నెర్రెకు అడ్డంగ సన్న గాజుముక్క పెట్టి, రెండు దిక్కుల ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోని అతికించి, పక్కన తారీఖు రాసిండు. గాజు పగిలితే నెర్రె ఇంక కదులుతున్నట్టు, అది పాత నెర్రె అని ఎవ్వరు దబాయించలేరు. మోరిల నీళ్లు కూడ సీసాల పట్టి కదలకుండ పెట్టమన్నడు. తెల్లారి చూస్తే సీసా అడుగున సన్న ఇసుక, గాజుముక్క రెండు ముక్కలు. నాయిన ఆ సీసా పట్టుకొని పోయి సైట్లనే కూర్చున్నడు, మోటర్ బంద్ అయ్యేదాక లేవలే. ఆఖరికి మా గోడ పొంటి మొరం బస్తాలు నింపి, హద్దు మీద పైల్స్ (నేలల లోతుకు దించే కాంక్రీట్ స్తంభాలు) వేసినంకనే మళ్ల తవ్విన్రు.

బాంబు చప్పుడుకు అందరు బయటికి ఉరుకుతరు, మోటర్‌ను ఎవ్వరు పట్టించుకోరు. నీళ్లతో పాటు సన్న మన్ను పోతది, నీళ్ల మట్టం దిగినకొద్ది పై బరువంత మన్ను మీదనే పడి నేల కుంగుతది. ఇల్లంత ఒక్క తీరుగ కుంగితే అంత ఫికర్ లేదు, ఒక మూల దిగి ఇంకో మూల నిలిస్తేనే గోడ చీలుతది. పెక్ అనే ఇంజనీరు 1969లనే చెప్పిండు, ఇసుక నేలల గుంత ఎంత లోతో దానికి రెండింతల దూరం దాక కుంగుడు ఉండొచ్చని. 20 ఫీట్లు తవ్వితే 40 ఫీట్లు, అంటే మీ వెనక ఇల్లు కూడ లెక్కలకొస్తది. సింగపూర్‌ల 2004ల నికోల్ హైవే పక్కన మెట్రో గుంత కూలి నలుగురు చచ్చిపోయిన్రు, అక్కడ నేల కదులుడు కొలిచే మీటర్లన్ని ఉన్నయి, ముందుగాలనే తేడా చూపెట్టినయి, పట్టించుకోలే. మన దగ్గరైతే మీటర్లే ఉండయి, ముగ్గు పోయనీకి వాస్తు సిద్ధాంతిని పిలుస్తరు గని మట్టి టెస్ట్ అంటే ఖర్చు అంటరు. అడిగితే "పనైనంక పుట్టీ పట్టి రంగేసిస్తం" అంటరు. పునాది కుంగితే పుట్టీ ఏం చేస్తది?

ఇంకోటి, 1882 ఈజ్‌మెంట్స్ చట్టం (పక్కోళ్ల జాగ మీద మనకుండే హక్కుల చట్టం) 15వ సెక్షన్ ఉన్నది. మీ ఇంటికి పక్క జాగ ఆసరా 20 ఏండ్లు అడ్డం లేకుండ దొరికితే అది మీ హక్కయితది. వకీలుకు చూపెట్టండి. ఇయ్యాలనే ప్రతి గోడ, ప్రతి గచ్చు తారీఖు పడేటట్టు ఫోటోలు తీసి పెట్టుకోండి. మీ ఇల్లు ఎప్పుడు కట్టిన్రో, గుంత మీ గోడకు ఎన్ని ఫీట్ల దూరంల ఉన్నదో రాయలేదు మీరు, అవి రాస్తే ఇంక చెప్త.